ఆ కోటలో రాత్రంతా వెలిగిన దీపం ఎవరిది? సిరే, ఫ్రాన్స్

 

ఈరోజు ఎపిసోడ్‌ని ఒక చిన్న లెక్కతో మొదలుపెడదాం. మీరు బైక్ మీద 30 కిలోమీటర్ల స్పీడ్‌లో వెళ్తున్నారు. సడెన్‌గా బ్రేక్ వేశారు. బ్రేక్ పట్టాక బండి ఇంకో 5 మీటర్లు వెళ్ళి ఆగింది అనుకోండి. ఇప్పుడు అదే రోడ్డు, అదే బండి, అదే బ్రేక్. కానీ స్పీడ్ 60. ఎంత దూరం వెళ్ళి ఆగుతుంది?

స్పీడ్ డబుల్ అయింది కాబట్టి 10 మీటర్లు అనుకుంటాం. నేనూ ముందు అలాగే అనుకున్నా, బీటెక్ చదివి కూడా. కాదు. 20 మీటర్లు. స్పీడ్ రెండింతలైతే, బండిలో ఉన్న శక్తి నాలుగింతలు అవుతుంది. హైస్కూల్లో మనందరం బట్టీ పట్టాం కదా, గతిజ శక్తి, హాఫ్ ఎం వి స్క్వేర్ అని. ఆ స్క్వేర్ ఇదే.

మనం రెండు మార్కుల కోసం రాసిన ఆ స్క్వేర్ గురించి ఒకప్పుడు యూరప్‌లో దశాబ్దాల పాటు పెద్ద పెద్ద సైంటిస్టులు గొడవపడ్డారు. ఆ గొడవలో స్క్వేర్ పక్షాన గట్టిగా నిలబడిన పుస్తకాల్లో ఒకటి ఫ్రాన్స్‌లో ఒక పల్లెటూరి కోటలో మొదలైంది. రాసింది ఒక ఆడమనిషి. మొదటిసారి అచ్చయినప్పుడు ఆ పుస్తకం మీద ఆమె పేరు లేదు.

ఈరోజు మనం చెప్పుకునేది ఆ కోట గురించి, ఆ కోటలో రాత్రంతా కూర్చుని లెక్కలు చేసిన మనిషి గురించి. మధ్యలో నా గురించి కూడా ఒక విషయం ఉంది. అది చెప్పడం నాకు కొంచెం కష్టమే. అయినా చెప్తాను.

ఊరి పేరు సిరే. పూర్తి పేరు సిరే-సుర్-బ్లేజ్. బ్లేజ్ అనే చిన్న నది ఒడ్డున ఉన్న సిరే అని అర్థం. ఫ్రాన్స్ తూర్పు వైపు, ఓత్-మార్న్ అనే జిల్లాలో ఉంటుంది. చుట్టూ అడవులు, పచ్చిక బయళ్ళు. ఆ లోయలో ఇనుప ఖనిజం, కట్టెలు, పారే నీళ్ళు మూడూ ఉండేవి. అందుకే అక్కడ ఇనుము కరిగించే కొలుములు వెలిశాయి. ఈ కొలుముల సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

కోట అనగానే బురుజులు, ఫిరంగులు, చుట్టూ కందకం ఊహించుకోకండి. ఫ్రెంచ్‌లో షాటో అంటే యుద్ధం కోసం కట్టిన కోటే కానక్కర్లేదు. ఊరి జమీందారు ఉండే పెద్ద భవనాన్ని కూడా షాటో అనే అంటారు. తెలంగాణలో గడీ అంటాం చూడండి, దాదాపు అలాంటిది. సిరేలో ఇప్పుడు కనిపించే భవనంలో పాత భాగం 1600ల్లో కట్టింది. దాన్ని ఆనుకుని ఉన్న రెండో భాగం 1730ల్లో వచ్చింది. ఆ రెండో భాగాన్ని కట్టించింది ఆ ఇంటి ఓనర్ కాదు, ఆ ఇంట్లో తలదాచుకోవడానికి వచ్చిన ఒక గెస్ట్. పేరు వోల్టేర్.

వోల్టేర్ పేరు మీలో చాలామంది వినే ఉంటారు. కవి, నాటకాల రచయిత. రాజుల మీద, మతాధికారుల మీద వెటకారంగా రాసి జైలుకి కూడా వెళ్ళొచ్చిన మనిషి. ఇంగ్లాండ్‌లో కొన్నేళ్ళు ఉండి వచ్చి, అక్కడి స్వేచ్ఛ గురించి, న్యూటన్ గురించి పొగుడుతూ ఒక పుస్తకం రాశాడు. అది 1734లో ఫ్రాన్స్‌లో బయటికొచ్చింది. పక్క దేశాన్ని పొగిడితే మన దేశాన్ని తిట్టినట్టే కదా! పుస్తకాన్ని తగలబెట్టమని పారిస్ న్యాయస్థానం ఆర్డర్ ఇచ్చింది. ఆయన్ని అరెస్ట్ చేయమని వారెంట్ కూడా వచ్చింది.

అప్పుడు ఆయన పారిపోయి వచ్చిన ఊరే ఈ సిరే. ఎందుకు ఇక్కడికే? ఒకటి, పారిస్‌కి దూరం. రెండు, పక్కనే లొరేన్ సరిహద్దు. అప్పట్లో లొరేన్ ఇంకా ఫ్రాన్స్‌లో కలవలేదు. పోలీసులు వస్తున్నారని తెలిస్తే గుర్రం ఎక్కి సరిహద్దు దాటేయొచ్చు. మూడో కారణమే అసలుది. ఆ కోట ఆయన స్నేహితురాలి భర్తది.

ఆమె పేరు ఎమిలీ దు షాత్లే.

ఎమిలీ 1706లో పారిస్‌లో పుట్టింది. తండ్రి రాజు కొలువులో పెద్ద ఉద్యోగి. ఆ కాలంలో ఆడపిల్లలకి నేర్పేది కుట్టుపని, సంగీతం, మర్యాదలు. ఈమెకి భాషలు, లెక్కలు కూడా చదువుకునే అవకాశం దొరికింది. 1725లో, 18 ఏళ్ళకి, మార్కీ దు షాత్లే అనే సైనికాధికారితో పెళ్ళి. ముగ్గురు పిల్లలు. భర్త ఎక్కువగా సైన్యంతోనే తిరిగేవాడు. వోల్టేర్‌తో ఎమిలీ బంధం గురించి ఆయనకి తెలుసు. వోల్టేర్‌ని ఇంట్లో ఉండనిచ్చాడు, స్నేహంగానే ఉన్నాడు. అప్పటి ఫ్రెంచ్ పెద్దింటి పద్ధతులు అలా ఉండేవి. ఎపిసోడ్ మొత్తం దాని చుట్టూ తిప్పితే వ్యూస్ బాగా వస్తాయని నాకు తెలుసు. కానీ ఈ కథలో అది చిన్న భాగం.

పిల్లల తల్లి అయ్యాక, 26, 27 ఏళ్ళ వయసులో ఎమిలీ మళ్ళీ సీరియస్‌గా లెక్కలు మొదలుపెట్టింది. అంటే ఇప్పుడు నా వయసు. మాస్టార్లు మామూలువాళ్ళు కాదు. ఒకరు మోపెర్తుయీ. భూమి ధ్రువాల దగ్గర నొక్కుకుపోయి ఉంటుందా లేదా అని కొలవడానికి మంచు ప్రాంతమైన లాప్‌లాండ్ దాకా వెళ్ళిన మనిషి. ఇంకొకరు క్లేరో, చిన్న వయసులోనే ఫ్రెంచ్ సైన్స్ అకాడమీలో చేరిన గణిత మేధావి. పారిస్‌లో సైంటిస్టులు కలుసుకునే ఒక కాఫీ హోటల్లోకి ఆడవాళ్ళని రానిచ్చేవారు కాదట. ఎమిలీని వెనక్కి పంపితే, మరోసారి మగవాడి బట్టలు వేసుకుని వచ్చి కూర్చుందని ఒక కథ చెప్తారు. కథే కావచ్చు. ఆ కథ పుట్టడానికి కారణమైన రూల్ మాత్రం కథ కాదు.

ఇప్పుడు మళ్ళీ సిరేకి వద్దాం. వోల్టేర్ వచ్చేసరికి ఆ ఇల్లు పాడుబడినట్టు ఉంది. ఆయన సొంత డబ్బు పెట్టి రిపేర్లు మొదలుపెట్టాడు. కవికి అంత డబ్బు ఎక్కడిది అంటారా? కొన్నేళ్ళ ముందు ఫ్రెంచ్ ప్రభుత్వం ఒక లాటరీ పెట్టింది. అందులో టికెట్ల ధరకీ బహుమతికీ పొంతన లేదని లా కొండమీన్ అనే గణిత శాస్త్రవేత్త కనిపెట్టాడు. సరిగ్గా చూసుకుని టికెట్లు కొంటే నష్టమే రాదు. వోల్టేర్, ఆయన స్నేహితులు కలిసి టికెట్లు కొని, చట్టం తప్పకుండానే బాగా సంపాదించారు. సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే సిస్టమ్‌లో బగ్ దొరికింది, వాడేశారు.

ఆ డబ్బుతో కొత్త భాగం, చెక్కడాల ద్వారం, పుస్తకాల గది. ఎమిలీ వచ్చాక ప్లాన్ మొత్తం మారిపోయింది. నేను తలుపులు పెట్టించిన చోట ఆమె కిటికీలు పెట్టిస్తోంది, మెట్లున్న చోట పొగగొట్టం వస్తోంది, పొగగొట్టం ఉన్న చోట మెట్లు వస్తున్నాయి అని వోల్టేర్ ఒక ఉత్తరంలో సరదాగా మొత్తుకున్నాడు. సొంతిల్లు కట్టిస్తున్న ఏ జంటని అడిగినా ఇదే చెప్తారు.

1735 నుంచి ఇద్దరూ ఎక్కువగా ఇక్కడే ఉన్నారు. పారిస్‌లో ఉన్న ఏజెంటుకి వోల్టేర్ ఉత్తరాలు రాసి థర్మామీటర్లు, అద్దాలు, గాలిని బయటికి లాగే పంపు తెప్పించుకునేవాడు. అంటే ఆ పల్లెటూర్లో ఒక ప్రైవేట్ ల్యాబ్ తయారైంది. యూనివర్సిటీ లేదు, ఫండింగ్ లేదు, పర్మిషన్ అడగాల్సిన హెడ్ ఆఫ్ ది డిపార్ట్‌మెంట్ అసలే లేడు.

ఆ ఇంట్లో రోజు ఎలా గడిచేదో మనకి తెలియడానికి కారణం ఇంకో ఆవిడ. మదామ్ ద గ్రాఫిన్యీ. ఆమె 1738 చలికాలంలో సిరేకి అతిథిగా వచ్చింది. రోజూ తన స్నేహితుడికి పొడుగాటి ఉత్తరాలు రాసేది. ఎమిలీ గది అంతా పసుపు, నీలం రంగులే, ఆఖరికి కుక్క పడుకునే బుట్ట కూడా మ్యాచింగే అని రాసింది. తనకిచ్చిన గదిలో మాత్రం సందుల్లోంచి చలిగాలి కొడుతోందని వాపోయింది. ఓనర్ల గదులు సూపర్, గెస్ట్ రూమ్ ఘోరం అన్నమాట.

సాయంత్రాలు ఒకటే హడావిడి. అటక మీద, పైకప్పు కింద ఒక బుల్లి థియేటర్ ఉంది. అక్కడ వోల్టేర్ నాటకాలు వేసేవాళ్ళు. వచ్చిన గెస్టులందరికీ ఏదో ఒక వేషం తప్పదు. ఎమిలీ కూడా నటించేది, పాడేది. ఆ థియేటర్ ఈరోజుకీ ఉంది. సిరే కోట చూడ్డానికి వెళ్ళినవాళ్ళకి చూపించే వాటిలో ముఖ్యమైనది అదే.

నాటకం అయిపోయింది, భోజనాలు అయ్యాయి, అందరూ పడుకున్నారు. అప్పుడు ఒక గదిలో దీపం వెలుగుతూ ఉండేది. ఎమిలీ రాత్రంతా తెల్లవారుజాము దాకా పనిచేసి, కొద్ది గంటలే నిద్రపోయేదని ఆ గ్రాఫిన్యీ ఉత్తరాల్లోనే ఉంది. పగలు ఇల్లు, అతిథులు, పిల్లలు, కొలుముల వ్యవహారాలు, కోర్టు కేసులు. తనదంటూ టైమ్ రాత్రే.

ఇక్కడ ఒక సంఘటన చెప్పాలి. అగ్ని అంటే ఏమిటి, అది ఎలా వ్యాపిస్తుంది అని పారిస్ సైన్స్ అకాడమీ ఒక వ్యాసాల పోటీ పెట్టింది. వోల్టేర్ రంగంలోకి దిగాడు. మొదట్లో గుర్తుపెట్టుకోమన్నానే, కొలుములు? అక్కడికి వెళ్ళి, ఇనుమును ఎర్రగా కాల్చి తూకం వేయించాడు, చల్లారాక మళ్ళీ తూకం వేయించాడు. నిప్పుకి బరువు ఉంటుందా అని. ఎమిలీ ఈ ప్రయోగాలన్నీ దగ్గరుండి చూసింది. ఆయన చెప్పేది ఆమెకి నచ్చలేదు. వాదించింది. చివరికి తనే ఇంకో వ్యాసం రాసి, వోల్టేర్‌కి చెప్పకుండా, అదే పోటీకి పంపింది.

ఆలోచించండి. పగలు ప్రయోగం చేస్తే ఆయనకి తెలిసిపోతుంది. కాబట్టి రాత్రిళ్ళు, కాగితం మీదే. నిద్ర ఆపుకోవడానికి ఐసు నీళ్ళలో చేతులు ముంచేదని చెప్తారు. 1738లో రిజల్ట్ వచ్చింది. ప్రైజ్ ముగ్గురికి పంచారు, వాళ్ళలో ఒకరు ఆయిలర్. మ్యాథ్స్‌లో ఎవరి పేరు వింటే మనకి చెమటలు పడతాయో, ఆ ఆయిలరే. వోల్టేర్‌కి రాలేదు, ఎమిలీకీ రాలేదు. అప్పుడు ఎమిలీ అసలు విషయం చెప్పింది. వోల్టేర్ కోపం తెచ్చుకోలేదు. ఆమె వ్యాసాన్ని కూడా ప్రచురించేలా చూశాడు. గెలిచిన వ్యాసాలతో పాటు వాళ్ళిద్దరివీ అకాడమీ అచ్చు వేసింది. ఒక ఆడమనిషి రాసిన సైన్స్ వ్యాసం అకాడమీ అచ్చు వేయడం అంటే అప్పట్లో చిన్న సంగతి కాదు.

అదే 1738లో వోల్టేర్ పేరుతో ఇంకో పుస్తకం వచ్చింది. న్యూటన్ సిద్ధాంతాన్ని మామూలు మనుషులకి అర్థమయ్యేలా చెప్పే పుస్తకం. దాని మొదటి పేజీలో ఒక బొమ్మ ఉంది. పైన మేఘాల మీద న్యూటన్. ఆయన దగ్గర్నుంచి వెలుగు కిందికి వస్తోంది. మధ్యలో గాల్లో ఒక స్త్రీ అద్దం పట్టుకుని ఉంది. ఆ అద్దం మీద పడ్డ వెలుగు, కింద బల్ల దగ్గర కూర్చుని రాసుకుంటున్న వోల్టేర్ కాగితం మీద పడుతోంది. ఆ అద్దం పట్టుకున్నది ఎమిలీ.

వోల్టేర్ పుస్తకాన్ని ఆమెకే అంకితం ఇచ్చాడు. ఆమె సాయం లేకపోతే ఆ లెక్కలు తనకి కొరుకుడు పడేవి కాదని దాచుకోలేదు కూడా. అది మెచ్చుకోవాలి. కానీ బొమ్మని ఇంకోసారి చూడండి. న్యూటన్ ఆలోచిస్తాడు, వోల్టేర్ రాస్తాడు, ఆమె అద్దం పట్టుకుంటుంది. నిజంగా ఆ ఇంట్లో న్యూటన్ లెక్కల్ని అడుగడుగునా పట్టుకుని చదవగలిగింది ఎవరు? ఆమె.

ఇప్పుడు మన స్క్వేర్ దగ్గరికి వద్దాం. కదిలే వస్తువులో ఉన్న శక్తిని ఎలా కొలవాలి? ఫ్రాన్స్‌లో చాలామంది, బరువుని వేగంతో గుణిస్తే చాలు అనేవాళ్ళు. కాదు, వేగం స్క్వేర్‌తో గుణించాలి అని జర్మనీలో లైబ్నిజ్ 1686లోనే అన్నాడు. ఎవరు రైట్? హాలండ్‌లో స్క్రావేసాండ అనే ప్రొఫెసర్ ఒక ప్రయోగం చేశాడు. ఇత్తడి గుండ్లని పై నుంచి మెత్తటి బంకమట్టిలోకి వదిలాడు. వేగం రెండింతలైతే గుంట లోతు రెండింతలు కాదు, నాలుగింతలు పడింది. వేగం మూడింతలైతే తొమ్మిదింతలు. మన బైక్ బ్రేక్ లెక్కే.

ఎమిలీ తన పుస్తకంలో లైబ్నిజ్ వాదననీ, ఇలాంటి ప్రయోగాల ఫలితాల్నీ ఒకచోట పెట్టి, స్క్వేరే కరెక్ట్ అని ఫ్రెంచ్ పాఠకులకి స్పష్టంగా చెప్పింది. వోల్టేర్ ఈ విషయంలో అవతలి పక్షం! ఒకే ఇంట్లో ఉంటూ ఆమె తన మాట మార్చుకోలేదు. 1740లో ఆ పుస్తకం వచ్చింది. తన కొడుక్కి ఫిజిక్స్ నేర్పడానికి రాసినట్టు ముందుమాట. రచయిత పేరు లేదు.

ఒక క్లారిటీ ఇస్తాను. ఐన్‌స్టీన్ ఈక్వేషన్‌ని అసలు కనిపెట్టింది ఎమిలీయే అని పోస్టులు తిరుగుతుంటాయి. అది తప్పు. ఎం వి స్క్వేర్ ఆలోచన కూడా మొదట లైబ్నిజ్‌దే. ముందున్న ఆ హాఫ్ చాలా కాలం తర్వాత వచ్చింది. ఎమిలీ చేసింది వేరు. రెండు దేశాల సైంటిస్టులు రెండు పార్టీలుగా విడిపోయి వాదించుకుంటుంటే, ఎవరి పార్టీ అని చూడకుండా, ఆధారం ఎటు చూపిస్తే అటు నిలబడింది. చేయని పని ఆమె ఖాతాలో వేస్తే, చేసిన పనిని కూడా ఎవరూ నమ్మరు.

పుస్తకం వచ్చాక ఏమైంది? కోనిగ్ అనే యువకుడు కొంతకాలం ఆమెకి లెక్కలు చెప్పాడు. అతను, ఆ పుస్తకం నేను చెప్పిన పాఠాలే అని పారిస్‌లో ప్రచారం మొదలుపెట్టాడు. నమ్మినవాళ్ళు ఉన్నారు. ఆడమనిషి రాయడం కంటే, మాస్టారు రాసిచ్చాడు అనుకోవడం వాళ్ళకి ఈజీ. తర్వాత అకాడమీ సెక్రటరీ మేరాన్, ఆమె వాదనని విమర్శిస్తూ బహిరంగంగా రాశాడు. ఎమిలీ కొద్ది వారాల్లోనే పాయింట్ బై పాయింట్ జవాబు రాసి అచ్చు వేయించింది. 1742లో పుస్తకం రెండో ఎడిషన్ వచ్చింది. ఈసారి పేరుతో.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుతాను. మొదట్లో చెప్పానే, నా విషయం.

ఈ కోనిగ్ గురించి చదువుతున్నప్పుడు నాకు బాగా కోపం వచ్చింది. ఛీ, ఏం మనిషిరా అనుకున్నా. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఎందుకంటే 2021లో నేను కూడా ఇలాంటి పనే చేశాను.

అప్పుడు నేను హైదరాబాద్‌లో ఒక కంపెనీలో చేస్తున్నా. పేమెంట్లు మధ్యలో ఫెయిలైతే లెక్క తేడా రాకుండా సరిచేసే ఒక మాడ్యూల్. నెలాఖరు వస్తే చాలు, తెల్లవార్లూ కూర్చోవాల్సిందే. ఆ మాడ్యూల్‌లో కష్టమైన భాగమంతా మా టీమ్‌లో ఒక అమ్మాయి రాసింది. ఆమె ఎక్కువ మాట్లాడదు. నేను బాగా మాట్లాడతాను, మీరు చూస్తున్నారుగా. అందుకని డెమో నేనిచ్చాను. స్లైడ్ మీద నా పేరు ఉంది. అందరూ చప్పట్లు కొట్టారు. మెయిల్‌లో నాకు థ్యాంక్స్ చెప్పారు, అవార్డు కింద ఒక వోచర్ ఇచ్చారు. ఇది నాది కాదు, ఆమెది అని చెప్పడానికి నాకు చాలా ఛాన్సులు వచ్చాయి. చెప్పలేదు. అబద్ధం ఆడలేదు కదా అని నాకు నేను సర్దిచెప్పుకున్నా. నిజమే, అబద్ధం ఆడలేదు. ఊరుకున్నాను అంతే.

ఆ వోచర్‌తో హెడ్‌ఫోన్స్ కొన్నాను. ఈ ఛానెల్ మొదటి ఎపిసోడ్లన్నీ ఎడిట్ చేసింది ఆ హెడ్‌ఫోన్స్‌తోనే.

పోయిన వారం ఆమెకి ఫోన్ చేశాను. ఇన్నేళ్ళ తర్వాత. సారీ చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అంది, "నువ్వు మర్చిపోయావేమో అనుకున్నా. నేను మర్చిపోలేదు. అయినా ఆ కోడ్‌లో ఇంకా నా పేరే ఉందిగా. గిట్ బ్లేమ్ కొట్టి చూడు." తెలియనివాళ్ళకి, గిట్ బ్లేమ్ అంటే ఏ లైన్ ఎవరు, ఎప్పుడు రాశారో చూపించే కమాండ్. స్లైడ్లు పోతాయి, మెయిల్స్ పోతాయి, అది మాత్రం ఉంటుంది. పాత మేనేజర్‌కి కూడా నేను మెయిల్ పెట్టాను, ఆలస్యంగానే. ఈ ఎపిసోడ్‌లో నీ పేరు చెప్పనా అని అడిగితే వద్దంది. ఈసారైనా ఆమె చెప్పినట్టు చేస్తున్నాను.

ఈ మాట మనసులో పెట్టుకుని, ఎమిలీ చివరి సంవత్సరంలో ఏం చేసిందో వినండి.

1745 ప్రాంతంలో ఆమె ఒక పెద్ద పని ఎత్తుకుంది. న్యూటన్ ప్రిన్సిపియాని లాటిన్ నుంచి ఫ్రెంచ్‌లోకి తేవడం. ఉట్టి అనువాదం కాదు. న్యూటన్ పాత జ్యామితి పద్ధతిలో చెప్పినవాటిలో చాలా భాగాన్ని కొత్త కాలిక్యులస్ భాషలో వివరిస్తూ కామెంటరీ కూడా. పాత కోడ్‌ని కొత్త భాషలో తిరగరాసి, డాక్యుమెంటేషన్ కూడా రాసినట్టు. 1746లో ఇటలీలోని బొలోన్యా అకాడమీ ఆమెని సభ్యురాలిగా తీసుకుంది. సొంత దేశంలో పారిస్ అకాడమీ తీసుకోలేదు. ఆ పారిస్ అకాడమీకి ఒక మహిళ పూర్తిస్థాయి సభ్యురాలు కావడం ఎప్పుడు జరిగిందో తెలుసా? 1979లో. ఇవోన్ షోకే-బ్రూయా అనే గణిత శాస్త్రవేత్త.

1749లో, 42 ఏళ్ళ వయసులో, ఎమిలీ మళ్ళీ గర్భవతి అయింది. తండ్రి సాన్-లాంబేర్ అనే కవి. ఆ కాలంలో ఆ వయసులో కాన్పు అంటే ప్రాణం మీదికి వచ్చినట్టే. ఆమెకి ఆ భయం ఉంది. అందుకని పారిస్‌లో గదికి అంటిపెట్టుకుని, క్లేరోతో లెక్కలు చెక్ చేయించుకుంటూ, పొద్దున లేచింది మొదలు రాత్రి పొద్దుపోయే దాకా పనిచేసింది. కాన్పుకి లొరేన్‌లోని లూనెవీల్ రాజభవనానికి చేరింది. అక్కడ కూడా రాస్తూనే ఉంది.

కాన్పు దగ్గరపడుతున్న ఆ రోజుల్లో ఆమె ఒక పని చేసింది. తన చేతిరాత ప్రతుల్ని పారిస్‌లో రాజుగారి గ్రంథాలయానికి పంపించి, పోకుండా నమోదు చేసి భద్రపరచమని లైబ్రేరియన్‌ని కోరింది. సెప్టెంబర్ 4న ఆడపిల్ల పుట్టింది. అంతా బాగానే ఉంది అనుకున్నారు. కానీ తర్వాత జ్వరం. సెప్టెంబర్ 10న ఎమిలీ చనిపోయింది. ఆ పాప కూడా ఎక్కువ కాలం బతకలేదు.

నేను ఇది చదివినప్పుడు గిట్ బ్లేమ్ మాటే గుర్తొచ్చింది. ఈ పని నాది అని వాదించడానికి రేపు తను ఉండకపోవచ్చు. అందుకే కాగితాల్ని సేఫ్‌గా ఒక చోట చేర్చింది. పుస్తకం పూర్తిగా బయటికి వచ్చింది పదేళ్ళకి, 1759లో.

ఆ సంవత్సరమే ఎందుకంటే, అప్పుడు హేలీ తోకచుక్క తిరిగి వచ్చింది. న్యూటన్ సిద్ధాంతం నిజమైతే అది ఫలానా టైమ్‌కి సూర్యుడి దగ్గరికి రావాలి. క్లేరో లెక్క కట్టి ఏప్రిల్ మధ్యలో అన్నాడు. మార్చి 13న వచ్చింది. అన్ని దశాబ్దాల ప్రయాణంలో ఒక నెల తేడా! జనమంతా న్యూటన్ గురించే మాట్లాడుకుంటున్న టైమ్‌లో ఎమిలీ పుస్తకం వాళ్ళ చేతుల్లోకి వచ్చింది. ప్రిన్సిపియా పూర్తి ఫ్రెంచ్ అనువాదం అంటే ఇప్పటికీ ముందుగా చెప్పుకునేది ఆమెదే.

ఇంకో మాట. ఆ తోకచుక్క లెక్కల్ని క్లేరో ఒక్కడే చేయలేదు. లలాండ్, నికోల్-రేన్ లెపోత్ అనే ఆవిడ నెలల తరబడి కూర్చుని కట్టారు. తర్వాత క్లేరో వేసిన పుస్తకంలో లెపోత్‌కి చెప్పాల్సిన థ్యాంక్స్ లేకుండా పోయింది. ఎమిలీ పుస్తకానికి సాయం చేసిన అదే క్లేరో! చెడ్డవాళ్ళు మాత్రమే ఈ పని చేస్తారని నేను ఇంక అనుకోను.

కోట ఏమైంది? ఎమిలీ కొడుకు, ఎవరి కోసం ఫిజిక్స్ పుస్తకం రాశానందో ఆ అబ్బాయి, పెద్ద పదవులు చూశాడు. ఫ్రెంచ్ విప్లవంలో, 1793లో, గిలెటిన్ కింద తల పోగొట్టుకున్నాడు. కోట మాత్రం నిలిచింది. చేతులు మారింది. ఇప్పటికీ అది ఒక కుటుంబం ఉంటున్న ఇల్లే. టూరిస్ట్ సీజన్‌లో తలుపులు తెరుస్తారు. వోల్టేర్ కట్టించిన భాగం, ఆ రాతి ద్వారం, అటక మీద బుల్లి థియేటర్ అన్నీ చూడొచ్చు.

రాతితో, చెక్కతో కట్టినవి వోల్టేర్‌వి, కాబట్టి కళ్ళకి కనిపిస్తాయి. రాత్రి మూడింటికి ఒక మనిషి లెక్క తప్పు పట్టుకుని మళ్ళీ మొదటి నుంచి చేసుకుంటే, దాని గుర్తు గోడ మీద ఉండదు. లూనెవీల్ చర్చిలో ఎమిలీని పాతిపెట్టిన చోట ఒక పెద్ద నల్లరాయి ఉంది. దాని మీద పేరు లేదు. పేరు ఉన్నది ఆ గ్రంథాలయానికి పంపిన కాగితాల్లో.

నేను సిరేకి ఇంకా వెళ్ళలేదు. మీలో ఎవరైనా యూరప్‌లో చదువుకుంటూనో, ఉద్యోగం చేస్తూనో ఉంటే, ఎండాకాలంలో ఒకసారి వెళ్ళి రండి. థియేటర్ దగ్గర ఫొటో దిగండి, తప్పేం లేదు. కానీ ఆ ఇంట్లో రాత్రిపూట ఒక గదిలో వెలిగిన దీపం గురించి కూడా గైడ్‌ని అడగండి.

వెళ్ళలేనివాళ్ళకి రెండు చిన్న పనులు. ఒకటి, ఈ 30, 60 బ్రేక్ లెక్క మీ ఇంట్లో బండి నడిపే తమ్ముడికో, ఫ్రెండ్‌కో చెప్పండి. నాలుగింతలు అన్నది గుర్తుంటే ఎప్పుడో ఒకరోజు పనికొస్తుంది. రెండు, మీరు పోయినసారి చప్పట్లు కొట్టించుకున్న పనిలో ఇంకెవరి కష్టమైనా ఉందా? ఉంటే ఈరోజే ఒక ఫోన్ చేయండి. నాలాగా ఏళ్ళ తరబడి ఆగకండి.

వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. అంతవరకు జాగ్రత్త, బండి మెల్లగా నడపండి. బై!